వృద్ధుల కేంద్రానికి స్థలం ఎక్కడ చూడాలి?

మన పట్టణాల్లో వృద్ధుల కోసం ఒక కమ్యూనిటీ సెంటర్ కట్టాలన్న మాట రాగానే మీటింగులో మొదట వచ్చే ప్రశ్న "ఖాళీ స్థలం ఎక్కడుంది?" అన్నదే. ఒక దాత బైపాస్ పక్కన పది గుంటలు ఇస్తానంటారు. కౌన్సిలర్ తన వార్డులో ఉన్న పార్కు చూపిస్తారు. తహసీల్దారు ఆఫీసులో అడిగితే ఊరి చివర ప్రభుత్వ భూమి ఉందంటారు. వీటిలో ఏది తొందరగా చేతికొస్తే అక్కడ శంకుస్థాపన జరుగుతుంది. భవనం లేస్తుంది. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దవాళ్లు మాత్రం మళ్లీ రారు. కొన్నాళ్లకు ఆ హాలును ఫంక్షన్లకు అద్దెకివ్వడం మొదలవుతుంది.

దీన్ని నిర్వహణ లోపం అంటుంటాం. నిర్వహణ లోపాలు ఉంటాయి, కాదనను. కానీ చాలా చోట్ల అసలు పొరపాటు స్థలం దగ్గరే జరిగిపోతుంది. గేటు మీద "అందరికీ ప్రవేశం" అని రాసినా, ఎవరు రాగలరో ఎవరు రాలేరో ఆ కేంద్రం ఉన్న చోటే తేల్చేస్తుంది. అందుకే ఈ విషయాన్ని కాస్త విడదీసి చూడాలి.

ముందు ఏం కడుతున్నామో స్పష్టంగా ఉండాలి. వృద్ధాశ్రమం వేరు, పగటిపూట నడిచే కేంద్రం వేరు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. ఆధారం లేని వృద్ధులు కనీసం 150 మంది ఉండేలా జిల్లాకు ఒకటితో మొదలుపెట్టి రాష్ట్ర ప్రభుత్వాలు ఆశ్రమాలు ఏర్పాటు చేయవచ్చని దాని 19వ సెక్షన్ చెబుతుంది. అవి అందుబాటులో ఉండే చోట్ల ఉండాలని కూడా అదే సెక్షన్ అంటుంది. ఆశ్రమంలో చేరినవాళ్లు అక్కడే తింటారు, అక్కడే పడుకుంటారు. అది ఊరికి కాస్త దూరంగా ఉన్నా ఏదో ఒక విధంగా నెట్టుకురావచ్చు. పగటి కేంద్రం సంగతి అలా కాదు. మనిషి తన ఇంట్లోనే ఉంటూ పొద్దున పదింటికి వచ్చి, పేపర్ చదివి, నలుగురితో మాట్లాడి, బీపీ చూపించుకుని, మధ్యాహ్నమో సాయంత్రమో ఇంటికి వెళ్తాడు. రోజూ వచ్చి పోవాలి. కాబట్టి భవనం ఎంత ముఖ్యమో, ఇంటి నుంచి భవనం దాకా ఉన్న దారి అంతకంటే ముఖ్యం. కేరళలో స్థానిక సంస్థలు పకల్‌వీడు పేరుతో ఇలాంటి కేంద్రాలు నడుపుతున్నాయి. అవి ఇళ్ల మధ్య ఉంటేనే పనికొస్తాయి.

మరి ఎంత దూరం దాకా ఫర్వాలేదు? పాదచారుల లెక్కల్లో మామూలుగా మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని అనుకుంటారు. మోకాళ్ల నొప్పులున్న డెబ్బై ఏళ్ల మనిషి 0.8 మీటర్లు నడిచినా బాగా నడిచినట్టే. ఆ లెక్కన అర కిలోమీటరుకు పది నిమిషాలు దాటుతుంది. మధ్యలో కూర్చోవడానికి అరుగు గాని బెంచీ గాని లేకపోతే చాలామందికి అదే ఎక్కువ. ఇరవై మీటర్ల వెడల్పున్న రోడ్డు దాటడానికి ఆ మనిషికి 25 సెకన్లు కావాలి. 1.2 మీటర్ల లెక్కన సిగ్నల్ పెట్టి ఉంటే 17 సెకన్లకే ఆకుపచ్చ లైటు పోతుంది. చిన్న పట్టణాల్లో సిగ్నలే ఉండదు, లారీలు ఆగవు.

మ్యాపు మీద అర కిలోమీటరు వ్యాసార్ధంతో గుండ్రంగా గీత గీసి "ఇంతమందికి అందుబాటు" అని రాసుకోవడం తేలిక. ఆ గుండ్రాన్ని రైలు పట్టాలు రెండు ముక్కలు చేస్తే? మన పట్టణాలు చాలావాటికి ఈ ఇబ్బంది ఉంది. పాత గేటు మూసేసి పైన ఫ్లైఓవర్ కట్టారు. నడిచేవాళ్లకు మిగిలింది మెట్లు, లేదా వానొస్తే నీళ్లు నిండే అండర్ బ్రిడ్జి. పట్టాలకు అవతల రెండొందల మీటర్ల దూరంలో ఉన్న అవ్వకు ఆ కేంద్రం వేరే ఊళ్లో ఉన్నట్టే. హైవే నాలుగు వరుసలై మధ్యలో డివైడర్ పడిన చోటా ఇదే పరిస్థితి. కాబట్టి దూరాన్ని మ్యాపు మీద కొలిచి సరిపెట్టుకోకూడదు. ఒక పెద్దాయననో పెద్దావిడనో వెంటబెట్టుకుని వాళ్ల అడుగుతో నడిచి చూడాలి. మే నెలలో పొద్దున పదకొండు గంటలకు ఒకసారి, చీకటి పడే వేళ ఒకసారి నడవాలి. దారిలో నీడ ఉందా, మోరీ మీద బండలు సరిగ్గా ఉన్నాయా, చికెన్ షాపు దగ్గర కుక్కలు గుమిగూడుతున్నాయా, వీధిలైటు వెలుగుతోందా అన్నది అప్పుడే తెలుస్తుంది.

ఎండ విషయం తేలిగ్గా తీసుకోవద్దు. 2015 మే నెలలో వచ్చిన వడగాల్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేసవిలో మూడు నెలలు కేంద్రానికి ఎవరూ రాలేని పరిస్థితి ఉంటే, సంవత్సరంలో నాలుగో వంతు అది మూతపడినట్టే. నిజానికి ఇరుకైన రేకుల ఇంట్లో ఉండే ముసలివాళ్లకు ఆ మూడు నెలలే చల్లటి హాలు ఎక్కువ అవసరం. వేపో కానుగో చెట్లున్న వీధిలో పాత భవనం దొరికితే, చెట్టన్నది లేని కొత్త వెంచర్‌లోని విశాలమైన స్థలం కన్నా దానికే నేను ఓటేస్తాను. మొక్కలు ఇప్పుడు నాటినా నీడనిచ్చేసరికి చాలా ఏళ్లు పడుతుంది. ఈ కేంద్రం ఎవరి కోసమో వాళ్ల దగ్గర అంత సమయం లేదు.

నడవలేనివాళ్ల సంగతేమిటి? బస్సు, ఆటో. ఇక్కడ ఈ మధ్య ఒక పెద్ద మార్పు వచ్చింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆర్టీసీ మామూలు బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదు. అంతకుముందు ఆటోకు డబ్బులు ఎవరినడగాలి అని ఇల్లు కదలని ఆవిడ, స్టాపు పక్కనే కేంద్రం ఉంటే పక్క ఊరి నుంచైనా వస్తుంది. స్టాపులో దిగాక ముప్పావు కిలోమీటరు నడవాలంటే రాదు. కాబట్టి బస్ స్టాపు నుంచి దూరాన్ని విడిగా కొలుచుకోవాలి. అయితే బస్టాండుకు మరీ ఆనుకుని ఉన్నా కుదరదు. హారన్ల మోతలో చెవి సరిగ్గా వినబడని మనిషి మాటలు కలపలేడు.

ఎవరు ఎక్కడున్నారో తెలుసుకోవడం

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై దాటినవాళ్లు 10.38 కోట్లు. 2021లో జరగాల్సిన లెక్కలు వాయిదా పడ్డాయి కాబట్టి వార్డులవారీగా అడిగితే ఆ పాత అంకెలే చేతిలో పెడతారు. అంతకంటే మంచి ఆధారం మన దగ్గరే ఉంది. ఓటర్ల జాబితాలో ప్రతి ఓటరు వయసూ ఉంటుంది, పోలింగ్ బూత్‌లవారీగా ఉంటుంది. చనిపోయినవాళ్ల పేర్లు, ఊరు మారినవాళ్ల పేర్లు కొన్ని మిగిలిపోయి ఉంటాయి గానీ, ఏ వీధుల్లో అరవై దాటినవాళ్లు ఎక్కువున్నారో చూడటానికి చాలు. దాని పక్కన వృద్ధాప్య, వితంతు పింఛన్లు వార్డుకు ఎన్నెన్ని ఉన్నాయో పెట్టి చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. ముసలివాళ్లు ఎక్కువున్న వార్డు, అవసరం ఎక్కువున్న వార్డు ఒకటే కాకపోవచ్చు.

పిల్లలు అమెరికాలోనో హైదరాబాద్‌లోనో ఉండి, అపార్ట్‌మెంట్‌లో ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ దంపతులు ఒక రకం. వాళ్ల ఒంటరితనం చిన్నదేం కాదు. కానీ వాళ్లు ఆటో పిలుచుకోగలరు, ఫోన్ చేసి అడగగలరు, మీటింగుకు వచ్చి తమ కాలనీ పేరు గట్టిగా చెప్పగలరు. కొడుకు కోడలు కూలికి పోతే రోజంతా గుమ్మంలో కూర్చునే ముసలమ్మ మీటింగుకు రాదు. ఆమె తరఫున ఎవరూ మాట్లాడరు. స్థలం ఎంపికలో ఈ రెండు రకాల వాళ్లనూ ఒకే తూకంలో పెడితే గొంతున్నవాళ్ల వైపే మొగ్గుతుంది. నా ఉద్దేశంలో సందేహం వచ్చినప్పుడల్లా ఆటోకు డబ్బుల్లేనివాళ్ల వైపు జరగాలి.

ఆడవాళ్ల విషయం ఇంకా వివరంగా చూడాలి. మగవాళ్లకు ఊళ్లో కూర్చునే చోట్లు ముందు నుంచీ ఉన్నాయి. రచ్చబండ ఉంది, టీ కొట్టు ఉంది, పేపర్ చదువుకోవడానికి శాఖా గ్రంథాలయం ఉంది. ఆడవాళ్లకు గుడి, నీళ్ల కొళాయి, పక్కింటి అరుగు తప్ప పెద్దగా లేవు. కొళాయి ఇంట్లోకే వచ్చాక ఒకటి తగ్గింది. కేంద్రాన్ని తీసుకెళ్లి రచ్చబండ పక్కన పెడితే అది మగవాళ్లకు ఇంకో రచ్చబండ అవుతుంది. దారిలో వైన్ షాపు ఉంటే సాయంత్రం ఒక్క ఆడమనిషి కూడా అటు రాదు. రైతుబజారుకో, అంగన్‌వాడీకో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో దగ్గరగా ఉంటే పరిస్థితి మారుతుంది. కూరగాయలకని, మనవడిని దింపడానికని వచ్చిన ఆవిడ ఓ గంట కూర్చుని వెళ్తుంది. ఇంట్లో ఎవరినీ అనుమతి అడగక్కర్లేదు.

సింగపూర్‌లో 2018లో తెరిచిన కంపుంగ్ అడ్మిరాల్టీ అనే భవన సముదాయం ఈ ఆలోచనతోనే కట్టింది. మెట్రో స్టేషన్ పక్కనే, ఒకే ప్రాంగణంలో వృద్ధులకు 104 చిన్న ఇళ్లు, కింద తినుబండారాల అంగళ్లు, పైన వైద్య కేంద్రం, పెద్దల కార్యక్రమాలకో చోటు, పసిపిల్లల సంరక్షణ కేంద్రం అన్నీ పెట్టారు. అంత డబ్బు, అంత కట్టడం మన మున్సిపాలిటీలకు కుదరదు. జనం ఎలాగూ వెళ్లే చోటును ఎంచుకోవడానికి మాత్రం అంత డబ్బు అక్కర్లేదు.

ఇంకో మాట మన దగ్గర పైకి అనరు, కానీ అందరికీ తెలుసు. గుడి ప్రాంగణంలో స్థలం ఇస్తామంటారు. కుల సంఘం భవనంలో ఒక అంతస్తు ఇస్తామంటారు. మంచి మనసుతోనే ఇస్తారు. అయినా ముస్లిం పెద్దాయన, చర్చికి వెళ్లే అవ్వ, ఎస్సీ కాలనీ నుంచి వచ్చే తాత అక్కడికి మొహమాటం లేకుండా రాగలరా? రావద్దని ఎవరూ అనరు. వాళ్లే రారు. దాత ఇంటిని ఆనుకుని ఉన్న స్థలమైనా అంతే, ఎవరి వాకిట్లోంచి నడిచి వెళ్లాలన్నది చూసుకోవాలి. ప్రభుత్వ బడి, గ్రంథాలయం, వార్డు ఆఫీసు లాంటి ఎవరిదీ కాని చోట్లకు ఉన్న విలువ ఇదే.

నేల, నీళ్లు, ర్యాంపు

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం రోజుల తరబడి నీళ్లలో ఉంది. అదే వానలకు ఖమ్మంలో మున్నేరు ఇళ్లమీదకు వచ్చింది. అలాంటప్పుడు మంచం దిగలేని పెద్దవాళ్ల అవస్థ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. వృద్ధుల కేంద్రం వరద రోజున నలుగురూ తలదాచుకునే చోటు కావాలి, తానే మునిగిపోయే చోటు కాకూడదు. కానీ ఖాళీగా, చౌకగా, లేదా ఉచితంగా దొరికే స్థలం చాలాసార్లు పల్లంలోనే ఉంటుంది. ఒకప్పటి కుంటో, వాగు పారిన దారో అయి ఉంటుంది కాబట్టే ఇన్నాళ్లూ ఎవరూ ఇల్లు కట్టుకోలేదు. పాత గ్రామ నక్షా తీయించి చూడాలి. ఆ వీధిలో నలభై ఏళ్లుగా ఉంటున్నవాళ్లను నీళ్లు ఎంత దాకా వచ్చేవో అడగాలి.

ఇక్కడే ఒక చిక్కుముడి ఉంది. నీళ్లు వస్తాయని పునాది ఎత్తు లేపుతాం. ఎత్తు పెరిగితే వీల్‌చైర్‌కు, కర్ర పట్టుకుని నడిచేవాళ్లకు ర్యాంపు పెరుగుతుంది. మార్గదర్శకాలు చెప్పే వాలు ఒకటికి పన్నెండు. అంటే రెండడుగుల ఎత్తుకు 24 అడుగుల పొడవు. పైనా కిందా బండి తిప్పుకోవడానికి ఐదేసి అడుగుల చదును జాగా వేసుకుంటే 34 అడుగులు. 150 గజాల ప్లాటు 30 అడుగుల ముఖం, 45 అడుగుల లోతు ఉందనుకుంటే ముందువైపు ర్యాంపు పట్టనే పట్టదు, మలుపు తిప్పాలి. పల్లం అని చెప్పి నాలుగడుగులు లేపితే ఒక్క వాలుకే 48 అడుగులు కావాలి, మధ్యలో ఆగే చోటు అదనం. చివరికి ఏం చేస్తారంటే, బైకులు ఎక్కించే నిటారు సిమెంటు వాలు ఒకటి పోసి ర్యాంపు ఉందని రాసుకుంటారు. దాని మీద ముసలివాళ్లు జారిపడతారు. కాబట్టి పల్లపు స్థలం ఉచితంగా వచ్చినా ఖరీదైనదే. రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుతూ పోయే వీధుల్లో ఈ రోజు సమానంగా ఉన్న గడప పదేళ్లకు గుంటలో పడుతుందన్నది కూడా లెక్కలో ఉండాలి.

మరుగుదొడ్డి గురించి భవనం ప్లాను గీసేటప్పుడు మాట్లాడదామంటారు. స్థలం చూసేటప్పుడే మాట్లాడాలి. బీపీకి, గుండెకు వాడే కొన్ని మాత్రలు వేసుకుంటే మూత్రం తరచుగా వస్తుంది. అందుకే చాలామంది పెద్దవాళ్లు బయటికి రావడమే మానేస్తారు, అడగడానికి సిగ్గుపడి కారణం చెప్పరు. మున్సిపల్ నీళ్లు రోజూ వచ్చే వీధా, డ్రైనేజీ లైను ఉందా, లేకపోతే సెప్టిక్ ట్యాంకుకు జాగా ఉందా, దాన్ని ఖాళీ చేసే బండి లోపలికి రాగలదా అన్నవి ముందే తేలాలి. ఆ బండి వచ్చే సందులోకి 108 కూడా వస్తుంది. పెద్ద ఆసుపత్రి పక్కనే ఉండాలని పట్టుబట్టక్కర్లేదు. అంబులెన్సు గుమ్మం దాకా వచ్చి తిరిగి వెళ్లగలిగితే చాలు.

కాగితాలు

దాత భూమి ఇస్తానంటే సంతోషమే. స్థిరాస్తి దానం నోటిమాటతో చెల్లదు. ఇద్దరు సాక్షుల సంతకాలతో రిజిస్టర్ కావాలి. ఉమ్మడి కుటుంబ ఆస్తి అయితే వాటాదారులందరి సంతకాలూ కావాలి, హిందూ వారసత్వ చట్టానికి 2005లో వచ్చిన సవరణ తర్వాత ఆడపిల్లలవి కూడా. ఇది వదిలేస్తే పదేళ్ల తర్వాత కోర్టు నోటీసు వస్తుంది. అది అసైన్డ్ భూమి, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూమి అయితే 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ప్రకారం ఇచ్చే హక్కు సాధారణంగా ఆ దాతకు ఉండదు. నిషేధిత భూముల జాబితాలో సర్వే నంబరు ఉందేమో చూడాలి, భూమి మీద లావాదేవీలు, అప్పులు చూపించే ఈసీ తీయాలి. చెరువు దగ్గరైతే ఇంకో లెక్క ఉంది. తెలంగాణలో 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుల ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు) నుంచి 30 మీటర్లు, చిన్న కుంటలైతే 9 మీటర్లు వదలాలి.

పార్కు సంగతి సున్నితమైనది. లేఅవుట్‌లో పార్కుగా చూపించిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. మనది ప్రజల కోసం కట్టేదే గానీ, పిల్లలు ఆడుకునే కాస్త జాగా పోతే ఆ వీధివాళ్లు ఊరుకోరు, ఊరుకోవాల్సిన పనీ లేదు. కాలనీతో గొడవపడి మొదలైన కేంద్రానికి ఆ కాలనీ పెద్దవాళ్లే రారు.

ఇప్పుడు మొదట చెప్పిన స్థలాలకు వద్దాం. బైపాస్ పక్క పది గుంటలు అంటే 1,210 గజాలు, చూడటానికి ఘనంగా ఉంటుంది. ఊరి చివర ప్రభుత్వ భూమి ఇంకా పెద్దది కావచ్చు. రెండూ పగటి కేంద్రానికి పనికిరావు. పార్కులో నాలుగు బెంచీలు, ఒక నీడ మంటపం, ఒక మరుగుదొడ్డి వరకు సరే, అంతకు మించి వద్దు. ఎవరూ ప్రతిపాదించనిది ఇంకోటి ఉంటుంది. పిల్లలు తగ్గి పక్క బడిలో కలిపేసిన పాత ప్రాథమిక పాఠశాల, ఊరి మధ్యలో, మార్కెట్‌కు వెనక సందులో, మూడొందల గజాల్లో. పెంకులో స్లాబో కారుతుంటుంది. విద్యాశాఖ అనుమతి, ఇంజనీరు సర్టిఫికెట్ కావాలి. తిరగాలి, ఓపిక పట్టాలి. అయినా దాని వెంటే పడాలన్నది నా అభిప్రాయం. బైపాస్ దాతను నొప్పించకుండా, భూమికి బదులు ఈ బడి మరమ్మతుకు సాయం చేయమని, ఆయన తల్లిదండ్రుల పేరు హాలుకు పెడతామని అడగవచ్చు.

అప్పటికీ పునాది తవ్వే తొందర వద్దు. అనుకున్న ప్రాంతంలో కింది అంతస్తు ఇల్లు ఒకటి ఆరు నెలలు అద్దెకు తీసుకుని కేంద్రం నడపాలి. వచ్చినవాళ్ల పేరు, వీధి, నడిచొచ్చారా బస్సులోనా ఆటోలోనా అన్నది రోజూ రాసుకోవాలి. రెండు వారాలు వచ్చి మానేసినవాళ్ల ఇంటికి వెళ్లి ఎందుకు మానేశారో అడగాలి. పట్టాల అవతలి ఆడవాళ్ల పేర్లు ఆ పుస్తకంలో కనబడకపోతే, ఒక్క పెద్ద భవనానికి అనుకున్న డబ్బును రెండుగా విడగొట్టి, అటొకటి ఇటొకటి రెండు చిన్న కేంద్రాలు పెట్టడమే సరైన నిర్ణయం. అప్పుడు వెతకాల్సింది పది గుంటల స్థలం కోసం కాదు, చెరో రెండు గదుల కోసం.